కాల్ ఆఫ్, పుట్ ఆఫ్, గెట్ బ్యాక్... ఈ ఫ్రేజల్ వర్బ్స్ ఎట్ల గుర్తు పెట్టుకోవాల?

కల్యాణదుర్గం అబ్బాయి అడిగింది:

అందరికీ నమస్తే. నాది కల్యాణదుర్గం పక్కన పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియమే, డిగ్రీ అనంతపురంలో చేసినా, ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీలో సపోర్ట్ పని చేస్తాండా, క్లయింట్లందరూ అమెరికా వాళ్లే. పని వస్తుంది, టికెట్ (క్లయింట్ పెట్టే ఫిర్యాదు) వస్తే సరిచేసి మూసేది నాకు కష్టం కాదు. గ్రామర్ గూడా పర్వాలేదు, రెండుసార్లు చదువుకోని పంపిస్తా. నన్ను ఏడిపిస్తాండేది ఈ ఫ్రేజల్ వర్బ్స్, ఇడియమ్స్. ఒక్కో మాట విడిగా తెలుసు, రెండు కలిస్తే తెల్దు. కాల్ తెలుసు, ఆఫ్ తెలుసు, కాల్ ఆఫ్ అంటే ఏందో తెల్దు.

పోయిన నెల జరిగింది చెప్తా. గురువారం మా అక్క సీమంతం. అదే రోజు పొద్దున ఒక డెమో ఉంటే, ఇంటి నుంచే ల్యాప్‌టాప్‌లో చూసుకుంటానని మా లీడ్‌కు చెప్పి ఊరికి వచ్చినా. బుధవారం రాత్రి తొమ్మిదికి మెయిల్ వచ్చింది, 'టుమారోస్ డెమో హ్యాజ్ బీన్ కాల్డ్ ఆఫ్' అని. నేను ఎట్ల అర్థం చేసుకుంటినంటే, కాల్డ్ అన్నారు కాబట్టి పిలుస్తాండారు, ఆఫ్ అంటే ఆఫ్‌లైన్, అంటే ఇంటి నుంచి కుదరదు నేరుగా ఆఫీసుకు రావాల అని. ఆ టైములో ఎవరినన్నా అడగొచ్చు, కానీ ఇంత చిన్నది గూడా రాదా అనుకుంటారేమో అని అడగలే. తెల్లారి నాలుగు గంటల బస్సుకు పోతి. అక్కకు గాజులు తొడుగుతాంటే నేను కాన్ఫరెన్స్ రూము ముందర నిలబడి ఉండా, లోపల లైట్లు గూడా వెయ్యలే. డెమో రద్దయిందంట. ఆ ఫొటోలు అన్నింట్లో మా బావ వాళ్ల తమ్ముళ్లు ఉండారు, నేను లేను. అక్క ఏమీ అనలే, అమ్మ మాత్రం ఫోన్లో ఏడ్చింది.

దాని తర్వాత అనంతపురం టవర్ క్లాక్ కాడ ఒక చిన్న పుస్తకం కొన్నా, ఏ నుంచి జెడ్ దాకా వరసగా ఫ్రేజల్ వర్బ్, పక్కన తెలుగు అర్థం. రోజుకు ఇరవై చొప్పున చదివినా. జి కాడికి వచ్చేసరికి గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే, గివ్ ఔట్ అన్నీ కలిసిపోయినాయి, ముందు చదివిన బి గూడా పోయింది.

బట్టీ పట్టేది కాకుండా వేరే దారి ఏమన్నా ఉందా? ఇంకొకటి, ఈ వారం మెయిల్స్‌లో వచ్చినవి ఇవి: గెట్ బ్యాక్ టు యూ, టచ్ బేస్, బాల్‌పార్క్ ఫిగర్, టేక్ ఎ రెయిన్ చెక్, ఫెల్ త్రూ. డిక్షనరీలో అర్థం దొరుకుతుంది, కానీ వాళ్లు మర్యాదగా అన్నారా, విసుక్కోని అన్నారా, అది తెలీడం లేదు. తెలిసినోళ్లు రొంత ఓపిగ్గా చెప్పండి.


తాడిపత్రి అన్న:

తమ్ముడూ, సీమంతం సంగతి చదివి మనసు కలుక్కుమంది. నేను హైదరాబాదులో తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తాండా, మొదటి రెండేళ్లు నా పరిస్థితి గూడా ఇదే, మనం చదువుకునేటప్పుడు పుస్తకాల ఇంగ్లీషు చెప్తారు గానీ మనుషులు మాట్లాడుకునే ఇంగ్లీషు ఎవరూ చెప్పరు.

ముందు నువ్వు దెబ్బతిన్నదాన్ని తేల్చేద్దాం. మూడు మాటలు పక్కపక్కన పెట్టుకో. కాల్ ఆఫ్ అంటే ఎవరో ఒకరు వద్దని తేల్చి రద్దు చేసేది. పుట్ ఆఫ్ అంటే రద్దు కాదు, ఇంకో రోజుకు జరిపేది. ఫాల్ త్రూ అంటే ఎవరూ వద్దనలే, అన్నీ మాట్లాడుకున్నాక ఆఖర్లో కుదరకుండా పోయేది. పెళ్లి సంబంధం అనుకో. ముహూర్తం బాగలేదని ఆషాఢం తర్వాతకు జరిపితే పుట్ ఆఫ్. పిల్లోని వాళ్ల సంగతి ఏదో తెలిసి మా పిల్లను ఇయ్యం అని చెప్పేస్తే కాల్డ్ ఆఫ్. అన్నీ ఒప్పుకోని, ఇచ్చిపుచ్చుకునే కాడ మాట కలవక సంబంధం తప్పిపోతే ఫెల్ త్రూ. నీ మెయిల్‌లో డీల్ ఫెల్ త్రూ అని ఉంటే ఎవర్నీ తప్పు పట్టడం లేదని అర్థం, కంగారు పడాకు.

గెట్ బ్యాక్ టు యూ అంటే కనుక్కోని చెప్తా అని. ఇది మర్యాద మాటే. అది ఔననీ కాదు, కాదనీ కాదు. క్లయింట్ ఆ మాట చెప్పి నాలుగు రోజులు పలక్కపోతే నువ్వు ఒక మెయిల్ పెట్టి కనుక్కోవాల, దాన్నే ఫాలో అప్ అంటారు. అదే నువ్వే గెట్ బ్యాక్ అని రాసింటే మాత్రం ఆ రోజు సాయంత్రానికల్లా ఏదో ఒకటి చెప్పు, ఇంకా చూస్తాండా అని అయినా చెప్పు. వాళ్లకు ఆలస్యం కన్నా చప్పుడు లేకపోవడమే ఎక్కువ కోపం తెప్పిస్తుంది, ఇది నా అనుభవం.

బాల్‌పార్క్, రెయిన్ చెక్ రెండూ వాళ్ల బేస్‌బాల్ ఆటలోంచి వచ్చినవి, టచ్ బేస్ గూడా అదే ఆట మాట అంటారు. మనం క్రికెట్ మనుషులం, మన అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో 2024లో దులీప్ ట్రోఫీ ఆడితే లీవు పెట్టి మరీ వచ్చినోన్ని నేను, మనకు బేస్‌బాల్ తెల్దు కాబట్టి ఈ మాటలు గాల్లోంచి ఊడిపడినట్టు ఉంటాయి. టచ్ బేస్ అంటే ఒకసారి మాట్లాడుకుందాం, సంగతులు ఎంతవరకు వచ్చినాయో చూసుకుందాం అని, పెద్ద మీటింగేం కాదు. బాల్‌పార్క్ అంటే వాళ్ల ఆట మైదానం, బాల్‌పార్క్ ఫిగర్ అంటే ఆ మైదానం లోపల ఎక్కడో పడేంత దగ్గరి లెక్క, మన ఉజ్జాయింపు. ఇల్లు కట్టే మేస్త్రీని ఎంతవుతుందన్నా అని అడిగితే టేపు బయటికి తియ్యకుండానే ఒక అంకె చెప్పి అటూ ఇటూ అంటాడు చూడు, అది. నేను కొత్తలో బాల్‌పార్క్ అడిగితే రెండు రోజులు కూర్చోని పైసలతో సహా లెక్కేసి పంపినా, వాళ్లకు కావాల్సింది ఐదు నిమిషాల్లో ఒక అంకె.

రెయిన్ చెక్ కథ బాగుంటుంది. 1880లలో అమెరికాలో బేస్‌బాల్ మ్యాచ్ మధ్యలో వాన పడి ఆగిపోతే, టికెట్ కొన్నోళ్లకు ఇంకో రోజు వచ్చి చూడండి అని ఒక చీటీ ఇచ్చేవాళ్లు. ఆ చీటీనే రెయిన్ చెక్. అందుకని ఎవరన్నా నిన్ను భోజనానికో కాఫీకో పిలిస్తే, 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్' అంటే ఈసారికి కుదరదు, ఇంకోసారి తప్పకుండా వస్తా అని. నిన్ను వద్దన్నట్టు కాదు, పిలుపును దాచిపెట్టుకున్నట్టు. వాన కోసం కళ్లు కాయలు కాచేట్టు చూసే మన అనంతపురం వాళ్లకు వాన అంటే ఆట చెడగొట్టేది అనే ఆలోచనే రాదు, నీకు ఎట్ల తెలుస్తుంది చెప్పు.

సిగ్గు పడకుండా అడుగు తమ్ముడూ. 'జస్ట్ టు కన్ఫర్మ్, ది డెమో ఈజ్ క్యాన్సిల్డ్, రైట్?' అని ఒక్క లైను రాస్తే ఎవరూ తప్పుగా అనుకోరు. అక్కడి వాళ్లు వాళ్లలో వాళ్లే రోజూ అట్ల అడుక్కుంటారు.


కడప టీచరమ్మ:

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను, పద్దెనిమిదేళ్లయింది. పైన అన్న బాగా చెప్పినారు. నేను నీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్తాను, బట్టీ కాకుండా వేరే దారి ఉందా అని అడిగినావే, దానికి.

ఉంది నాయనా, ఆ దారి నీకు ముందే తెలుసు, తెలుసనే సంగతి తెలీదంతే. గివ్ మి ఎ హ్యాండ్ అంటే ఇంగ్లీషులో సాయం చెయ్యమని. అదే తెలుగులో వాడు నాకు చెయ్యిచ్చినాడు అంటే నమ్మించి మోసం చేసినాడని. ఒక చెయ్యి వెయ్యి అంటే మళ్లీ సాయమే. చెయ్యి చేసుకున్నాడు అంటే కొట్టినాడు. చేతులెత్తేసినాడు అంటే నా వల్ల కాదన్నాడు. చెయ్యి తడిపినాడు అంటే లంచం. చెయ్యి తిరిగిన మనిషి అంటే పనిమంతుడు. అన్నింట్లో చెయ్యి ఉంది, ఏ ఒక్కదాంట్లోనూ నిజం చెయ్యి లేదు. ఇవి నువ్వు ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఎవరో ఎవరికో చెయ్యిచ్చినారని ఇంట్లో మీ జేజి కోపంగా చెప్తాంటే విన్నావు, ఆ కోపంతో సహా మాట నీ మనసులో పడింది. భాష అట్లనే వస్తుంది. టవర్ క్లాక్ కాడ కొన్న పుస్తకంలో మాట ఉంది, అర్థం ఉంది, కోపం లేదు, మనిషి లేడు. అందుకే నిలవలేదు.

లుక్ తీసుకో. లుక్ అంటే చూడు. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం, మా అమ్మను మా తమ్ముడు చూసుకుంటాడు అంటామే అది. లుక్ ఫార్వర్డ్ టు అంటే ఎదురు చూడటం. లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడటం. లుక్ ఫర్ అంటే వెతకడం, మనం గూడా పిల్లకు సంబంధాలు చూస్తాండారు అంటాం కదా. చూడు అనే ఒక్క మాటకు ముందూ వెనకా ఏదో చేర్చి మనమూ ఇన్ని అర్థాలు తీస్తాండాం, వాళ్లూ అదే చేస్తాండారు. పదాలు పక్కన పెట్టి పద్ధతి చూస్తే రెండు భాషలూ వియ్యాలవారి మాదిరి ఉంటాయి. లుక్ ఇంటూ ఒకటి వేరు, అది ఆరా తీయడం.

ఇంకో కిటుకు చెప్తాను, ఇది నేను పిల్లలకు చెప్పి చెప్పి పట్టుకున్నది. ఈట్, ఈట్ అప్. డ్రింక్, డ్రింక్ అప్. యూజ్, యూజ్ అప్. ఇక్కడ అప్ అంటే పైకి కాదు, మన ఏయ్. తిను, తినెయ్. తాగు, తాగెయ్. వాడు, వాడెయ్. మిగల్చకుండా పూర్తి చెయ్యమని. ఆన్ అంటే చాలాచోట్ల మన 'తూ ఉండు', క్యారీ ఆన్, గో ఆన్, కీప్ ఆన్, అంటే ఆపకుండా చేస్తూ ఉండు. డౌన్ అంటే తగ్గడం, స్లో డౌన్, కట్ డౌన్, కామ్ డౌన్. ఇవి తెలిస్తే కొత్తది ఎదురైనప్పుడు సగం దాకా ఊహించుకోవచ్చు. సగమే. గివ్ అప్‌లో ఈ లెక్క పనిచేయదు, మేక్ అప్‌లోనూ చేయదు, పుట్ అప్ విత్ అయితే అసలు చేయదు, అది ఓర్చుకోవడం, భరించడం. ఊహ తప్పయితే తప్పని ఒప్పుకొని సరిచేసుకోవాలి, ఇంకేం లేదు.

మా ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. నేను స్టూలెక్కి గోడకు చార్టు కొడుతున్నాను, ఆ పిల్ల కింద నుంచి మేకులు అందిస్తాంది. తర్వాత గివ్ అప్ మీద సొంత వాక్యం రాయమంటే, 'ఐ గేవ్ అప్ నెయిల్స్ టు మై టీచర్' అని రాసింది. మేకులు పైకి ఇచ్చినాను అని. నేను తప్పు కొట్టలేదు. ఆ పిల్ల బుర్ర పెట్టి ఆలోచించింది, దారి సరైనదే, ఆ మాట ఆ దారిలో పోలేదంతే. పక్కన కూర్చోబెట్టుకొని చెప్పినాను, అమ్మీ, లెక్క రావడం లేదని నువ్వు పోయిన వారం పుస్తకం మూసేసినావే, అదీ గివ్ అప్ అని. ఆ తర్వాత ఎప్పుడూ మరిచిపోలేదు. నీకూ కాల్ ఆఫ్ ఇంక జన్మలో మరుపు రాదు చూడు, అంత ఖరీదు పెట్టి నేర్చుకున్నావు. మిగతావాటికి అంత ఖరీదు పెట్టక్కరలేకుండా, ఎదురైన మెయిల్ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఒక నోటుబుక్కులో ఎక్కించి, ఎవరు ఎవరికి ఏ సందర్భంలో రాసినారో కింద తెలుగులో రెండు లైన్లు రాసుకో. రోజుకు మూడు చాలు, ఇరవై వద్దు.

ఒక్క గ్రామర్ మాట. ఇట్, హిమ్, హర్ లాంటివి వచ్చినప్పుడు కొన్ని ఫ్రేజల్ వర్బ్స్‌ను విడగొట్టి మధ్యలో పెట్టాలి. కాల్ ఇట్ ఆఫ్, టర్న్ ఇట్ డౌన్ (వద్దని చెప్పు), పిక్ హర్ అప్. కాల్ ఆఫ్ ఇట్ అనకూడదు. లుక్ ఆఫ్టర్, రన్ ఇంటూ (అనుకోకుండా ఎదురుపడటం) లాంటివి మాత్రం విడిపోవు, లుక్ ఆఫ్టర్ హర్ అనే అనాలి. ఇంకా, లుక్ ఫార్వర్డ్ టు తర్వాత మీట్ కాదు, మీటింగ్. ఈ తప్పు బయోడేటాల్లో రోజూ చూస్తాను.

మా కడపలో ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ఇటు వస్తే ఒకసారి చూడు. ఆయన 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం మీద కడపకు వచ్చినాడు, ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని తెలుగు రాతప్రతులు సేకరించి సరిచేయించినాడు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేసినాడు, తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆ నిఘంటువులో పడు, కొట్టు లాంటి మాటలు తీసి చూడు, ఒక్క అర్థం ఇచ్చి వదిలెయ్యలేదు, ఏ మాటతో కలిస్తే ఏమవుతుందో వాడుకలు ఇచ్చినాడు. కనపడు, భయపడు, కష్టపడు, బయటపడు, వీటిల్లో కింద పడేది ఎవరు? ఇంగ్లీషు పుట్టుక పుట్టిన మనిషికి మన పడు ఎంత చిక్కో నీకు ఇప్పుడు కాల్ ఆఫ్ అంతే చిక్కు. ఆయన వాడుక పట్టుకొని దాటినాడు.


నంద్యాల నుంచి, బ్యాంక్ ప్రిపరేషన్:

టీచర్ గారూ మీరు చెప్పింది బాగుంది, కానీ అందరికీ అంత టైము ఉండదు మేడమ్. నేను ఎస్సెస్సీ (పదో తరగతి కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఉద్యోగ పరీక్ష), బ్యాంకు పరీక్షలు రెండూ రాస్తున్నా, ఎస్సెస్సీలో ఇడియమ్స్ నేరుగా అడుగుతారు, నాలుగు ఆప్షన్లు, సెకన్ల లెక్క. నోటుబుక్కులో రోజుకు మూడు రాసుకుంటూ పోతే పరీక్ష అయిపోతుంది. పాత పేపర్లు ముందరేసుకొని లిస్టు చదవడమే నాకు పనికొచ్చింది. అయితే ఒకటి ఒప్పుకుంటా, లిస్టులో మన సామెత దొరికినవే నాకు గుర్తున్నాయి. బీట్ అరౌండ్ ది బుష్ అంటే డొంకతిరుగుడు, అక్కడా పొదే ఇక్కడా పొదే. స్పిల్ ది బీన్స్ అంటే నోట్లో నువ్వుగింజ నానకపోవడం. మేక్ హే వైల్ ది సన్ షైన్స్ అంటే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం. పీస్ ఆఫ్ కేక్ నల్లేరు మీద బండి నడక. సామెత దొరకనివి ఎన్నిసార్లు చదివినా జారిపోతాయి, రెడ్ హెర్రింగ్ అయితే ఆరుసార్లు తప్పు పెట్టినా.


కడప టీచరమ్మ:

పరీక్షకు లిస్టు చదువు తల్లీ, నేను వద్దనను, దాని పని అది. ఆ అబ్బాయికి రేపు పొద్దున మనిషితో మాట్లాడాలి, అందుకని అట్ల చెప్పినాను. రెడ్ హెర్రింగ్ అంటే ఉప్పు వేసి పొగబెట్టిన చేప, ఘాటైన వాసన. అసలు సంగతి మీద నుంచి మనసు మళ్లించడానికి మధ్యలో వేసే వేరే సంగతి అని. రోడ్డు ఎందుకు వెయ్యలేదని అడిగితే పక్క ఊరి గొడవ ఎత్తుకుంటారు చూడు కొందరు నాయకులు, అది గుర్తు పెట్టుకో, ఏడోసారి తప్పు పోదు.

ఒక జాగ్రత్త గూడా. స్పిల్ ది బీన్స్‌కూ నువ్వుగింజకూ పూర్తిగా సరిపోదు. నోట్లో నువ్వుగింజ నానదు అనేది మనిషి గుణం, స్పిల్ ది బీన్స్ అనేది ఒకసారి జరిగిన పని, రహస్యం బయటపెట్టడం. ఆప్షన్లలో మెలిక అక్కడే పెడతారు.


కర్నూలు, రిటైర్డ్:

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనాను. మీరందరూ అమెరికా వాళ్ల మాటలు చెప్తున్నారు, మన దగ్గర మాత్రమే నడిచే ఇంగ్లీషు ఒకటుంది, దాని గురించి ఆ అబ్బాయికి చెప్పాల్సిన అవసరం ఉందనిపించింది.

మా ఆఫీసులో పుట్ అప్ అంటే ఫైలు పై అధికారి ముందు పెట్టడం. 'ఫైల్ పుట్ అప్ చేసినావా' అని రోజుకు పదిసార్లు వినేవాణ్ణి. కొత్త ఊరు పోతే 'వేర్ ఆర్ యూ పుట్ అప్' అంటే ఎక్కడ దిగినావు అని. నీ అమెరికా క్లయింటుకు ఈ రెండూ వింతగానే ఉంటాయి. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది పాస్ ఔట్. 'ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2021' అని మనవాళ్లు రాస్తారు, మనకు అది చదువు పూర్తి చేయడం. అమెరికా వాళ్లకు అది స్పృహ తప్పి పడిపోవడం. గ్రాడ్యుయేటెడ్ అని రాయి. రివర్ట్ అంటే మనం జవాబివ్వడం అనుకుంటాం, వాళ్లకు పాత స్థితికి తిరిగిపోవడం. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నావు, 'ఐ విల్ రివర్ట్' అంటే చేసిన మార్పు వెనక్కి తీసేస్తున్నావని అనుకుంటారు, అది ప్రమాదమే. కోప్ అప్ విత్ అని అందరూ అంటారు, అప్ లేదు, కోప్ విత్ అంతే, తట్టుకోవడమని. ప్రీపోన్ (అనుకున్న రోజు కన్నా ముందే పెట్టుకోవడం) మాత్రం మనవాళ్లు పుట్టించిన మంచి మాట, డిక్షనరీల్లోకి కూడా ఎక్కింది, అయినా బయటి వాళ్లకు చాలామందికి తెలీదు, 'మూవ్ అప్' అని రాస్తే అర్థమవుతుంది.

ఇంగ్లీషు వాళ్లకూ అమెరికా వాళ్లకూ మధ్యనే ఈ తంటా ఉంది, నీ ఒక్కడికే కాదు నాయనా. టేబుల్ అనే మాట తీసుకో. బ్రిటన్‌లో ఒక విషయం టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం, మన అసెంబ్లీలోనూ అదే అర్థం. అమెరికాలో టేబుల్ చేయడమంటే ప్రస్తుతానికి పక్కన పెట్టేయడం. సరిగ్గా తిరగబడిన అర్థం. రెండో ప్రపంచ యుద్ధం నాటి జ్ఞాపకాల్లో చర్చిల్ ఇది రాసినాడు. బ్రిటిష్ అధికారులు ఒక కాగితం తెచ్చి ఇది అర్జెంటు, టేబుల్ చేద్దామన్నారు, అమెరికా అధికారులు అంత ముఖ్యమైనదాన్ని టేబుల్ చేయడమేమిటి, వీల్లేదన్నారు. చాలాసేపు వాదించుకున్నాక గానీ ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని తెలియలేదు. నీ క్లయింటు 'లెట్స్ టేబుల్ దిస్' అంటే నువ్వు పేపర్లు తీసి మొదలుపెట్టవద్దు, ఇప్పటికి ఆపుదామని అర్థం.


ధర్మవరం అమ్మ:

మా పాప ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ నేర్పించినారు. నిన్న రొంత తుంపర పడితే వాళ్ల మిస్‌తో అదే అన్నింది, మిస్ ఏమీ చెప్పలేదంట. అట్ల అనొచ్చా అక్కా?


కడప టీచరమ్మ:

తుంపరకు అనకూడదు చెల్లీ, అది కుండపోత వానకు. ఇప్పుడు ఆ మాట మాట్లాడేవాళ్లూ తక్కువే, పుస్తకాల్లోనే ఎక్కువ. తుంపరకు డ్రిజ్లింగ్, కుండపోతకు పోరింగ్, ఈ రెండూ పాపకు నేర్పించు, ఎక్కడికి పోయినా పనికొస్తాయి.


కల్యాణదుర్గం అబ్బాయి:

అందరికీ శానా థ్యాంక్స్. రెండు రోజులు ఇవన్నీ మళ్లీ మళ్లీ చదివినా. సార్, నా రెజ్యూమేలో పాస్డ్ ఔట్ అనే ఉంది, ఇప్పుడే మార్చినా. మేడమ్, చెయ్యి గురించి మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించినా, అమ్మకు ఇంగ్లీషు రాదు, అయినా ఇంకో రెండు చెప్పింది, చెయ్యి కలిపినాడు, చెయ్యి దాటిపోయింది అని. చెయ్యి దాటిపోయింది అంటే ఔట్ ఆఫ్ హ్యాండ్ అని అప్పుడు తట్టింది, రెండింట్లోనూ చెయ్యే.

ఒకటి అడగాల. మా లీడ్ అమెరికా నుంచి వచ్చినప్పుడు నేను లేటుగా వస్తే, జీతం కట్ చేస్తా అని గట్టిగా అన్నాడు, నా మొహం చూసి 'ఐయామ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్' అన్నాడు. కాలు లాగడం అంటే మన దాంట్లో పైకి పోయేటోన్ని కిందికి గుంజేది కదా, నేను వారం రోజులు ఆయన నన్ను తొక్కాలని చూస్తాండాడని అనుకుంటి, ఆయనతో సరిగ్గా మాట్లాడలే. ఇప్పుడు అనుమానం వస్తాంది.

నోటుబుక్కులో మొదటి మూడు రాసుకున్నా, తప్పులుంటే చెప్పండి. 'ది క్లయింట్ టర్న్డ్ డౌన్ అవర్ ప్లాన్, సో వీ ఆర్ వర్కింగ్ ఔట్ ఎ న్యూ వన్.' 'ఐ రాన్ ఇంటూ మై ఓల్డ్ టీచర్ ఎట్ అనంతపూర్ బస్టాండ్.' 'మై సిస్టర్ హ్యాడ్ ఎ బేబీ గర్ల్ అండ్ ఐ లుక్ ఫార్వర్డ్ టు సీ హర్.'


తాడిపత్రి అన్న:

మేనకోడలు పుట్టిందా, సంతోషం తమ్ముడూ. పుల్లింగ్ యువర్ లెగ్ అంటే ఆట పట్టించడం, ఊరికే అన్నా అని. ఆయన ఆ మాట అన్నదే నీ మొహం వాడిపోయింది చూసి నిన్ను తేలికపరచడానికి. పోయి మాట్లాడు, మనసులో పెట్టుకోవాకు.


కడప టీచరమ్మ:

మొదటి రెండూ బాగున్నాయి. మూడోదాంట్లో సీ కాదు, సీయింగ్. లుక్ ఫార్వర్డ్ టు సీయింగ్ హర్. ఈసారి బారసాలకు లీవు ముందే పెట్టుకో, ఏదన్నా మెయిల్ వస్తే ఇక్కడ పెట్టు, రాత్రి పదకొండు దాకా నేను చూస్తాంటాను.